కొలతకు తగిన వంటయిల్లు

హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు మార్గమున, ఉప్పల్ దాటిన పిదప, ఘట్‌కేసర్ అను ఊరు కలదు. సికింద్రాబాదునుండి కాజీపేటకు పోవు రైలుమార్గము కూడ ఈ ఊరిమీదుగనే సాగుచున్నది. 2016వ సంవత్సరమున జిల్లాలను క్రొత్తగా విభజించినపుడు ఇది మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో చేరినది. ఒకప్పుడు పైరుపచ్చలతో నిండియుండిన ఈ పరిసరములలో నేడు ఇండ్ల స్థలములు, క్రొత్త మేడలు వరుసలు తీరి కనబడుచున్నవి. నగరము తూర్పునకు పెరుగుచున్నకొలది ఇచట ఇల్లు కట్టుకొనువారును పెరుగుచున్నారు.

ఇల్లు కట్టుకొనువారు ముందుగా దేనిని గూర్చి ఆలోచింతురు? వీధివాకిలి ఎటు ఉండవలెను, ముందుగది ఎంత విశాలముగా నుండవలెను, మెట్లు ఎచట రావలెను అని పలుమారులు చర్చింతురు. వంటయిల్లు మాత్రము మిగిలిన చోట పడును. చుట్టము కూర్చుండు గదికి దక్కిన గౌరవము అన్నము వండు గదికి దక్కదు. కాని చుట్టము వచ్చునది ఏనాడో ఒకనాడు. పొయ్యి వెలుగునది ప్రతిదినము. ఇంటిలో ఎక్కువ పని జరుగు గది వంటయిల్లే. అందుచేత దానిని గూర్చియే ఎక్కువ ఆలోచింపవలెను.

అంగీ కుట్టించుకొనుటకు దర్జీయొద్దకు పోయినపుడు, అతడు మొదట చేయు పని గుడ్డ కత్తిరించుట కాదు. టేపు తీసి కొలత పట్టుట. భుజము, ఛాతి, చేయి కొలిచి పుస్తకమున వ్రాసికొన్న పిదపనే కత్తెర చేతబట్టును. వంటయిల్లును అట్టిదే. గోడ లేచి, గచ్చు పడి, బండ అమరిన పిదప “సింకు ఇటు కాదు, అటు ఉండవలసినది” అని తోచినచో పగులగొట్టక తప్పదు. కాగితముమీది గీతను చెరుపుటకు రబ్బరుముక్క చాలును. గోడమీది తప్పును దిద్దుటకు సుత్తి, సిమెంటు, ధనము, కాలము అన్నియు కావలెను. ఒకరి కొలతకు కుట్టిన అంగీ మరియొకరికి పట్టనట్లే, ఒక ఇంటి వంటగది మరియొక ఇంటికి సరిపడదు.

ఈ కొలతలో మొదట చూడవలసినది గాలి. పూర్వము తెలుగు ఇండ్లలో పొయ్యి నేలమీదనే యుండెడిది. కట్టెలు, పిడకలు, కందికంప వంటచెఱకుగా వాడెడివారు. పొగగూడు గల ఇండ్లు కొన్ని. లేని ఇండ్లు అనేకము. పొయ్యి ముందు కూర్చుండి గొట్టముతో ఊదుచు వంట చేయు స్త్రీల కన్నులు ఎఱ్ఱబడెడివి. పైకప్పు మసిబారెడిది. ఆ మసి పైకప్పుననే ఆగలేదు. ఊపిరితిత్తులలోనికి కూడ చేరెను. ఇంటిలోని పొగ కారణముగా 2020వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది.

ఈ బాధను తీర్చుటకు హైదరాబాదులోనే ఒక గొప్ప ప్రయత్నము జరిగెను. ఇచటి ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్.పి. రాజు పొగలేని పొయ్యినొకదానిని రూపొందించెను. దానిని గూర్చి ఆయన వ్రాసిన ఆంగ్లగ్రంథము 1953వ సంవత్సరమున మదరాసులో ప్రకటింపబడినది. దాని పేరు “స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్”. లక్షలాది జనులకు పొగలేని వంటయిండ్లు అని దాని అర్థము. పొగలేని పొయ్యిలు అనక, పొగలేని వంటయిండ్లు అనుట గమనింపదగినది. పొయ్యి, పాత్ర, గది, మనిషి - ఇవి వేరువేరు కావని ఆ పేరే తెలుపుచున్నది.

ఆ పొయ్యి మట్టితో చేయదగినది. మంట వెలువలికి రాకుండ అది అన్నివైపుల మూయబడియుండును. ఒక కొనయందు కట్టెలు పెట్టుటకు నోరు, పైభాగమున వరుసగా పాత్రలు నిలుపు బిలములు, రెండవ కొనయందు పొగగొట్టము ఉండును. వేడిగాలి తేలిక గనుక గొట్టము గుండ పైకి పోవును. అది పోవుచు మంటను లోనికి లాగును. మంట మొదటి పాత్రను కాచి, ఆపై రెండవదానిని కాచి, మిగిలిన వేడితో నీళ్లు కాచి, పిమ్మట పొగయై కప్పుమీదికి వెడలిపోవును. వృథాగా పోవు వేడి మరియొక వంటకమునకు పనికివచ్చును. ఇంచుమించు అదే కాలమున, అనగా 1947లో, వార్ధాలోని మగన్‌వాడియందు “మగన్ చూల్హా” అను పొయ్యియు వెలసినది.

ఇట్టి పొయ్యిలను వ్యాపింపజేయుటకు భారతప్రభుత్వము 1983లో ఒక జాతీయ కార్యక్రమమును ఆరంభించెను. దేశమంతట ఎన్నో పొయ్యిలు కట్టబడినవి. కాని వానిలో అనేకము కొలదికాలమునకే మూలబడినవి. గొట్టములో మసి పేరుకొన్నపుడు తీయువారు లేకపోయిరి. బిలము ఒక కొలతగను, ఇంటిలోని పాత్ర మరియొక కొలతగను ఉన్నచోట సందులనుండి పొగ మరల ఇంటిలోనికే వచ్చెను. లోపము శాస్త్రమున లేదు. వండువారి పాత్రను, అలవాటును, ఓపికను ముందుగా కొలువకపోవుటయందు కలదు. వంటయిల్లు కట్టుకొను ప్రతివారును దీనినుండి నేర్చుకొనవలసిన పాఠమిదియే.

తరువాత గ్యాసుపొయ్యిలు వచ్చినవి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకము ద్వారా పేద కుటుంబముల స్త్రీలకు గ్యాసు కనెక్షనులు ఇచ్చుట మొదలిడెను. 2016లో కేంద్రప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ప్రారంభించెను. కట్టెల పొగ చాలవరకు తగ్గినది. అయినను తాలింపు ఘాటు, నూనె ఆవిరి, పొయ్యి వేడి మిగిలియే యున్నవి. కిటికీ లేని వంటగదిలో గ్యాసుపొయ్యి వెలిగించినను ఉక్క తప్పదు. జాతీయ భవననిర్మాణ నియమావళి ప్రకారము వంటగది వైశాల్యము 5 చదరపు మీటర్లకు, వెడల్పు 1.8 మీటర్లకు తక్కువ కాకూడదు. అందే భోజనము కూడ చేయుదురన్నచో 7.5 చదరపు మీటర్ల వైశాల్యము, 2.1 మీటర్ల వెడల్పు ఉండవలెను. బయటిగాలి వచ్చునట్లు ఒక చదరపు మీటరునకు తగ్గని కిటికీ కావలెను.

గాలి తరువాత చూడవలసినది నడక. వంట చేయువారు ఒకచోట నిలిచియుండరు. బియ్యపు డబ్బానుండి నల్లాయొద్దకు, నల్లానుండి పొయ్యియొద్దకు, పొయ్యినుండి మరల అలమరయొద్దకు తిరుగుచునే యుందురు. అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అను రచయిత్రి ఈ నడకను పటములుగా గీసి, 1913లో ప్రకటించిన తన గ్రంథమున చూపినది. సామానులు తప్పుచోట నున్న వంటగదిలో ఆ గీతలు చిక్కుపడిన నూలువలె కనబడును. వరుసగా నున్న వంటగదిలో ఒకే దిక్కునకు సాగు దారివలె కనబడును.

ఈ భావమును ఇంటింటికి చేర్చినది మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అను ఆస్ట్రియా దేశపు స్త్రీ. ఆమె గృహనిర్మాణశిల్పి. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున కట్టిన ఇండ్లకొఱకు ఆమె ఒక వంటగదిని రూపొందించెను. రైలుబండిలోని వంటపెట్టెలో అంత ఇరుకుచోట అంతమందికి ఎట్లు వండుచున్నారో ఆమె పరిశీలించెను. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల ఆ గదిలో ప్రతి వస్తువునకును ఒక చోటు ఏర్పరచెను. అట్టివి దాదాపు 10,000 కట్టబడినవి. అయితే అందు ఒకరు తప్ప ఇద్దరు నిలిచి పనిచేయుట కష్టము. పండుగనాడు అత్త, కోడలు, ఆడపడుచు కలిసి బూరెలు వండు తెలుగింటికి అది సరిపోదు. మంచిదానిని చూచి నేర్చుకొనవచ్చును. కొలతను మాత్రము ఎరువు తెచ్చుకొనరాదు.

ఘట్‌కేసర్‌లో ఇల్లు కట్టుకొనుచున్న ఒక కుటుంబమును ఊహించినచో ఈ సంగతి స్పష్టమగును. ఆ ఇంటిలో నానమ్మ, తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు కలరు. వంటగది పొడవు 10 అడుగులు, వెడల్పు 8 అడుగులు. తల్లి ఉదయముననే ఉప్పల్‌లోని ఉద్యోగమునకు పోవలెను. నానమ్మ రాత్రులయందు జొన్నరొట్టెలు చేయును. ఏటేట ఆవకాయ జాడీలు, చింతపండు, ఎండుమిరపకాయలు నిలువచేయుదురు. ఇవన్నియు ముందుగా ఒక కాగితముమీద వ్రాసికొనవలెను. ఈ ఇంటి వంటగదికి ఇదియే దర్జీ పుస్తకము.

పిమ్మట గళ్లకాగితముపై అడుగునకు ఒక సెంటీమీటరు చొప్పున గది పటమును గీయవలెను. వాకిలి, కిటికీ గుర్తింపవలెను. నిలువ, నీరు, నిప్పు - ఈ మూడు స్థానములు ఎచట రావలెనో చూడవలెను. ఈ మూడింటిని కలిపిన త్రిభుజము మరీ పెద్దది కాకూడదు, మరీ చిన్నది కాకూడదు. ఒక్కొక్క భుజము 4 అడుగులకు తగ్గక, 9 అడుగులకు మించక యున్నచో మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు. మధ్య త్రోవకు అడ్డముగ ఏ వస్తువును ఉండరాదు. పిల్లలు ఆ త్రిభుజమును దాటి పోవునట్లు వాకిలి ఉండరాదు; మరుగుచున్న చారుగిన్నె దించునపుడు తగిలినచో ప్రమాదము.

కొన్ని అడుగుల తేడా ఏమంత అని తలపరాదు. ఒకమారు తిరుగుటలో ఆరడుగులు వేయవలసినవి తగ్గినవనుకొందము. దినమునకు నూరుమారులు తిరిగినచో 600 అడుగులు తగ్గును. సంవత్సరమునకు 2,19,000 అడుగులు. ఒక్కొక్క అడుగు రెండడుగుల దూరమైనచో మొత్తము సుమారు 133 కిలోమీటర్లు. ఘట్‌కేసర్‌నుండి బయలుదేరి అంతదూరము నడచినవారు వరంగల్లు చేరుదురు. ఒక గీత తప్పుచోట గీచినందున ఒక తల్లి ఏటేట ఇంటిలోనే వరంగల్లు వరకు నడువవలసివచ్చుచున్నది.

మూడవది ఎత్తు. మేస్త్రీలు ప్లాట్‌ఫారము అని పిలుచు వంటగట్టును సాధారణముగా అలవాటైన ఎత్తున కట్టివేయుదురు. గట్టు పొట్టిదైనచో నడుము వంగును. పొడవైనచో భుజములు పీకును. ఎత్తును నిర్ణయించుటకు సులభమైన పద్ధతి కలదు. వంట చేయువారు చెప్పులు లేక నిటారుగ నిలిచి మోచేయి వంచవలెను. నేలనుండి మోచేతి వరకు కొలిచి, అందు నాలుగైదు అంగుళములు తగ్గించినచో కూరలు తరుగుటకు తగిన ఎత్తు వచ్చును. అయిదడుగుల ఎత్తు గల స్త్రీకి అది ఇంచుమించు 32 మొదలు 34 అంగుళములు, అనగా 81 మొదలు 86 సెంటీమీటర్లు అగును.

అయినను అన్ని పనులకును ఒకే ఎత్తు తగదు. జొన్నపిండి పిసికి రొట్టె చరుచునపుడు భుజబలము క్రిందికి దిగవలెను గనుక ఆ చోటు మరి మూడు నాలుగు అంగుళములు తక్కువగా నుండుట మేలు. గ్యాసుపొయ్యికి దాని ఎత్తు దానికి కలదు. దానిపై గిన్నె నిలిచినపుడు లోపల ఉడుకుచున్నది కనబడవలెను. కావున అచట కూడ గట్టును కొంచెము దించవచ్చును. సింకులో మాత్రము చేతులు అడుగుభాగమున పనిచేయును గనుక దానిని దించరాదు. గట్టు లోతు రెండడుగులు చాలును. నానమ్మ కూర్చుండి కూరలు తరుగుకొనుటకు ఒక పీటకు, కత్తిపీటకు చోటు విడుచుట మరువరాదు. ప్రతిదినము వాడునవి చేతికందు ఎత్తున, బరువైనవి క్రింద, ఏడాదికొకమారు తీయునవి అటకపై ఉంచవలెను.

నిప్పు విషయమున జాగ్రత్త మిక్కిలి అవసరము. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి లేచిపోక నేలబారున వ్యాపించును. అందుచేత సిలిండరును నిలువుగా, నేలమట్టమున ఉంచవలెను. గుంతలోగాని, గాలి లేని మూతపెట్టెలోగాని ఉంచరాదు. అలమరలో ఉంచినచో దాని తలుపునకు క్రిందను పైనను గాలిరంధ్రములు కావలెను. పొయ్యి సిలిండరుకంటె ఎత్తున నుండవలెను. రబ్బరుగొట్టమును అయిదేండ్లకొకమారు తప్పక మార్చవలెను. కిటికీకి ఎదురుగ పొయ్యి పెట్టినచో గాలికి మంట ఆరి గ్యాసు వెలువడును. కావున ప్రక్కగా ఉంచవలెను. వాసన తెలియుటకై గ్యాసులో దుర్గంధము గల రసాయనమును కలుపుదురు. ఆ వాసన వచ్చినపుడు విద్యుద్దీపపు మీట నొక్కక, రెగ్యులేటరు మూసి, తలుపులు తెరువవలెను.

పెద్దలు వంటయిల్లు ఆగ్నేయమూల నుండవలెనందురు. వానకాలమున ఈ ప్రాంతమునందు గాలి పడమటినుండియు నైరృతినుండియు వీచును. అపుడు తూర్పుకొసన నున్న పొయ్యి పొగ ఇంటిలోనికి రాక బయటికే పోవును. అయితే చలికాలమున గాలి తూర్పువైపునుండి మరలును. కనుక దిక్కు చూచుకొన్నంత మాత్రమున పని తీరదు. ఎదురెదురుగ గాలి వచ్చు త్రోవ, పోవు త్రోవ రెండును ఉండవలెను.

గట్టుపై పరచు బండను ఎన్నుకొనుటయందును శాస్త్రము కలదు. తాండూరు బండలు, షాబాదు బండలు ఈ ప్రాంతపు ఇండ్లలో విరివిగా కనబడును. నేలకు అవి చల్లగా, చౌకగా ఉండును. కాని అవి సున్నపురాతి జాతికి చెందినవి. చింతపండు పులుసుగాని నిమ్మరసముగాని వానిపై ఒలికినచో, ఆమ్లము రాతిలోని కాల్షియం కార్బొనేటును కరిగించి మచ్చలు చేయును. పాలరాయియు అట్టిదే. కరీంనగరు ప్రాంతమున దొరకు గ్రానైటునకు ఆ భయము చాల తక్కువ. అందుచేత నేలకు తాండూరు బండ, గట్టునకు గ్రానైటు అనుట బాగుగ పొసగును.

అలమరల కొయ్య విషయమునను తొందర పనికిరాదు. పొట్టును జిగురుతో అదిమి చేసిన చెక్క చౌకయే. కాని నీరు తగిలినచో ఉబ్బి విచ్చిపోవును. సింకు క్రింద నీటికి తట్టుకొను ప్లైవుడ్డే తగినది. అలమరలను నేలకు ఆనింపక, నాలుగు అంగుళముల ఎత్తున కాళ్లపై నిలిపినచో నేల కడుగుటకు వీలగును, తడి తగులదు, చెదలు పట్టినచో వెంటనే కనబడును. గట్టు దగ్గర నిలిచినపుడు పాదములకు చోటును దొరకును.

పని జరుగు క్రమము కూడ ముఖ్యము. మొదట గోడలు, పిదప నీటిగొట్టములు, మురుగు వాలు, విద్యుత్తీగెలు, తరువాత పూత, పలకలు, గట్టు, చివరకు వడ్రంగిపని. వడ్రంగి తుదికొలతలను గట్టు, పలకలు అమరిన తరువాతనే తీసికొనవలెను. గోడ చూపునకు తిన్నగ నున్నను పైన ఒక కొలత, క్రింద మరియొక కొలత ఉండును. కావున పైన, నడుమ, క్రింద మూడుచోట్ల కొలువవలెను. మూల సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు ఒక గోడవెంట 3 అడుగులు, రెండవ గోడవెంట 4 అడుగులు గుర్తించి, ఆ రెండు గుర్తుల నడుమ దూరము కొలువవలెను. అది 5 అడుగులైనచో మూల లంబకోణము. తరగతిలో పైథాగరస్ సిద్ధాంతముగా చదువుకొన్నది మేస్త్రీ చేతిలోని దారముగా మారి ఇచట పనికివచ్చుచున్నది. విద్యుత్తు బిళ్లలు సింకునకు దూరముగ ఉండవలెను. మేస్త్రీతోను, వడ్రంగితోను ఏ సరకు, ఎంత కొలత, ఎంత ధర, ఎన్ని దినములు అనునది వ్రాసికొనిన పత్రమే వివాదమును తప్పించును.

ఇన్ని కొలతలలోను మొదటి కొలత ఒకటి కలదు. దానిని టేపుతో పట్టుటకు వీలుకాదు. ఆ గదిలో పనిచేయువారిని “నీకు ఏది కష్టముగా నున్నది?” అని అడుగుటయే అది. అనేక గృహములలో పటము గీచువారు ఒకరు, ధనమిచ్చువారు ఒకరు, కట్టువారు ఒకరు. నిలిచి వండువారు వేరొకరు. వారిని ఎవరును అడుగరు. వారును అడుగనిదే చెప్పరు. సర్దుకొనుట అలవాటైపోవును. ఆ సర్దుబాటే ఇరువది యేండ్లకు నడుమునొప్పిగను, మోకాళ్లనొప్పిగను బయటపడును.

క్రొత్త ఇల్లు లేనివారును ఈ పని చేయవచ్చును. ఒక సెలవునాడు విద్యార్థి తన ఇంటి వంటగది పటమును గీచి, తల్లి వంట చేయుచున్నంతసేపు ఆమె నడిచిన దారిని పెన్సిలుతో గుర్తించినచో, ఏ డబ్బా తప్పుచోట నున్నదో తానే కనుగొనగలడు. ఉప్పుడబ్బా నొకదానిని పొయ్యి దగ్గరకు మార్చుటకు మేస్త్రీ అక్కరలేదు, ఖర్చును లేదు. అటుపిమ్మట ఒకపూట తానే గరిటె చేతబట్టి వండి చూచినచో, గట్టు ఎత్తు, కిటికీ గాలి, నడక దూరము అనునవి పుస్తకమునందుకంటె బాగుగ తెలియును. ఇంటిల్లిపాదికిని అన్నము పెట్టు గదిని తీర్చిదిద్దు బాధ్యత ఇంటిల్లిపాదిదియును.